సమస్యాపూరణం: పైకి నెట్టఁ బుటము పల్లమేగె

ఛందస్సు ఆటవెలది. ల్యాప్‌టాప్‌లో వెబ్ పుటలు చదివేటప్పుడు వాడే టచ్‌ప్యాడ్, మీటలు, పుడకల మీదే పూరించాలి. కొండచరియలూ రాతిపలకలూ వద్దు. పద్యం కింద సెట్టింగ్ రాయండి. సెట్టింగ్ లేని పూరణ సగం పూరణే.

పర్లాకిమిడి నుంచి

వ్రేళ్లు రెండు గలిపి వేగఁ బలకమీద
సహజగతినిఁ దీసి జరుపునపుడు
చూపు మీఁదికెక్కు, సూత్రమిదియె సుమ్ము;
పైకి నెట్టఁ బుటము పల్లమేగె.

సహజగతి అంటే నేచురల్ స్క్రోలింగ్. అది ఉంటే వేలు ఎటు పోతే కాగితం అటు పోతుంది. తీసేస్తే వేలు కదిపేది కాగితాన్ని కాదు, కిటికీని. కిటికీ పైకి పోతే అందులోని రాత కిందికి జారుతుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్, స్క్రోల్ అండ్ జూమ్ వరసలో వెళ్ళి 'డౌన్ మోషన్ స్క్రోల్స్ డౌన్' ఎంచుకోండి. పుట మధ్యలో ఉండి పరీక్షించాలి. తలభాగంలో ఉండి పైకి నెడితే ఏదీ కదలదు.

*నిర్వాహకుడు:* సమస్య ముడి విప్పింది ఇదే. కదిలేది కాగితమా, కిటికీయా అన్నదే కీలకం. కాలం మాత్రం పొసగలేదు మాస్టారూ. 'జరుపునపుడు, ఎక్కు' అని నడిచి 'ఏగె' దగ్గర భూతకాలంలో దిగింది. 'జరిపినంతఁ / జూపు మీఁదికెక్కె' అంటే గణాలూ యతీ చెడవు. అన్నట్టు, గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి ఇన్ని అరసున్నలా!

*పర్లాకిమిడి:* పద్యానికి ఆ మాత్రం నగలు ఉండనివ్వండి. వివరణ వాడుకభాషలోనే రాశాను కదా. సవరణ స్వీకరించాను.

రాయగడ నుంచి

నడిమి మీట నొక్కి నట్టింట నున్నట్టి
యెఱ్ఱపుడకమీఁద నింత యొత్తి
చక్రమొకటి లేక చల్లగా మునివేలె
పైకి నెట్టఁ బుటము పల్లమేగె.

థింక్‌ప్యాడ్‌లో జీ, హెచ్, బీ మీటల నడుమ ఉండే ఎర్ర పుడక ఇది. 1992లో వచ్చిన 700సీ నుంచీ ఉంది. లినక్స్‌లో ఎక్స్ (కిటికీలను తెరమీద చూపే పాత వ్యవస్థ) మీద నడిచే డెస్క్‌టాప్ అయితే ముందు 'ఎక్స్‌ఇన్‌పుట్ లిస్ట్' కొట్టి పుడక ఐడీ చూసుకోవాలి. తర్వాత అదే ఆదేశంలోని సెట్-ప్రాప్‌తో 'లిబ్‌ఇన్‌పుట్ స్క్రోల్ మెథడ్ ఎనేబుల్డ్'కు 0, 0, 1 ఇవ్వాలి. ఆ మూడు అంకెలు వరసగా రెండువేళ్ల పద్ధతి, అంచు పద్ధతి, మీట పద్ధతి. 'బటన్ స్క్రోలింగ్ బటన్'కు 2 ఇస్తే నడిమి మీట కుదురుతుంది.

*నిర్వాహకుడు:* 'నట్టింట' బాగుంది. కానీ నొక్కేది బొటనవేలు, నెట్టేది చూపుడువేలు. 'నొక్కి' అంటే రెండు పనులకూ ఒకే కర్త ఉండాలి. ఒక్క అక్షరం మార్చి 'నడిమి మీట నొక్క' అనండి. వ్యాకరణమూ నిలుస్తుంది, మీట పట్టి ఉంచాలన్న అర్థమూ వస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. నొక్కి వదిలేస్తే అది స్క్రోల్ కాదు, మామూలు నడిమి క్లిక్. రాతపెట్టెలో అలా జరిగితే అంతకుముందు ఎంచిన పాఠం వచ్చి పడుతుంది. ఫైర్‌ఫాక్స్ వాడేవారు అబౌట్ కాన్ఫిగ్ అనే లోపలి సెట్టింగ్స్ పుట‌లో 'మిడిల్‌మౌస్ డాట్ పేస్ట్'ను ఫాల్స్ చేసుకోవాలి.

*బరంపురం:* మా సముద్రపు ఉక్కలో టచ్‌ప్యాడ్ మీద చెమట పడితే బాణం గంతులేస్తుంది, ఎందుకంటే పలక పసిగట్టేది విద్యుత్ ఆవేశంలో మార్పునే. తడికీ వేలికీ దానికి తేడా తెలియదు. పుడకకు ఆ బాధ లేదు, దాని బాధ వేరు. ఒకే వైపు ఒత్తి ఉంచితే వదిలాక కూడా బాణం తనంతట తాను జారుతుంది. అప్పుడు ఎదురు నెట్టకూడదు. చేయి తీసి కొన్ని సెకన్లు ఊరుకుంటే తనే సర్దుకుంటుంది. పుడక మీది టోపీ అరిగితే మీ మోడల్ ఎత్తుకు తగినదే కొనండి. పాతకాలపు పొడవు టోపీ సన్నటి కొత్త మోడల్‌కు పెడితే మూత వేసినప్పుడు తెరకు ఒత్తుకుంటుంది.

గుణుపురం నుంచి

నాల్గు నైదు లనెడి నంబర్లు తిరగేసి
సహజగతినిఁ గూడఁ జక్కఁ బెట్ట
రెండుమార్లు తిరుగ రిత్తయయ్యె ఫలము;
పైకి నెట్టఁ బుటము పల్లమేగె.

*నిర్వాహకుడు:* ఈ వారానికి నాకు నచ్చిన పూరణ ఇదేనమ్మా. ఎక్స్‌లో స్క్రోల్‌కీ మీట నంబర్లే: 4 అంటే పైకి, 5 అంటే కిందికి. సెట్-బటన్-మ్యాప్‌లో 1 2 3 5 4 అని రాసుకుని, నేచురల్ స్క్రోలింగ్ కూడా పెడితే తిరగేసినదాన్ని మళ్ళీ తిరగేసినట్టు. మొదటికే వస్తారు. మూడో పాదం ఆ గుట్టంతా చెప్పింది. తప్పు పట్టడానికేమీ దొరకలేదు.

*గుణుపురం:* ఇంకొక మెలిక ఉందండి. నంబర్లు తిరగేయడం కొన్ని కిటికీల్లో పనిచేసి కొన్నింట్లో చేయదు. నున్నటి స్క్రోల్ తీసుకునే ప్రోగ్రాములు 4, 5 మీటల్ని చూడవు, కదలిక కొలతనే నేరుగా తీసుకుంటాయి. అందుకని మ్యాప్ జోలికి పోకుండా 'నేచురల్ స్క్రోలింగ్ ఎనేబుల్డ్'కు 1 గానీ 0 గానీ ఇవ్వడమే మేలు. 8, 9 నంబర్లు మాత్రం బ్రౌజర్‌లో వెనక్కీ ముందుకీ పనికొస్తాయి. యంత్రం ఆపి పెడితే ఈ మార్పులన్నీ పోతాయి, కాబట్టి ఎక్సార్గ్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఒక ఫైలుగా రాసి ఉంచాలి. ఎక్స్ స్థానంలో వచ్చిన వేలాండ్ డెస్క్‌టాప్‌లో ఈ ఆదేశాలు చెల్లవు. అక్కడ డెస్క్‌టాప్ సెట్టింగ్సే దిక్కు.

జయపురం నుంచి

పూర్తి పద్యం ఇక్కడ పెట్టడం లేదు. మొదటి పాదం చూడండి:

మూఁడువ్రేళ్లు తట్టఁ గొత్తగా నొక ట్యాబు

*నిర్వాహకుడు:* 'మూ'కు 'గొ'తో యతి లేదు. 'తట్ట ముందుగా' అని సవరిద్దామంటే యతి కుదిరి నిజం తప్పుతుంది. నడిమి క్లిక్‌తో తెరిచిన లంకె వెనక ట్యాబులో ఉంటుంది, ముందుకు రాదు. 'తట్ట మూలగా నొక ట్యాబు' అనండి. విండోస్‌లో మూడువేళ్ల తట్టుకు 'మిడిల్ మౌస్ బటన్' ఎంచుకుంటేనే ఇది జరుగుతుంది. ఇంతా చేసి నాలుగో పాదానికి అతుకు కుదరలేదు. ట్యాబు తెరవడానికీ పుట పల్లానికి పోవడానికీ ఏం సంబంధం? మళ్ళీ రాయండి.

వచ్చే వారం సమస్య, అదే ఆటవెలదిలో: ఒక్క నొక్కు నొక్క నుఱికె రెండు. మీట లోపలి స్విచ్ అరిగితే ఏమవుతుందో తెలిసినవారికి తేలికే.