వర్మీకంపోస్ట్ కుండీలోనే వేర్లు పొట్టిగా వచ్చాయి, ఎందుకంటారు?

నమస్తే అందరికీ. ఏం కలిపితే మొలక వేరు బాగా దిగుతుందో చూద్దామని మూడు కుండీలు పెట్టా, ఒకటి ఉత్త మట్టి, ఒకదాంట్లో సగానికి సగం వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), ఇంకోదాంట్లో రెండు గుప్పిళ్ళ కట్టెల బూడిద, ఒక్కోదాంట్లో రెండేసి పెసలు. పదో రోజు పీకి చూస్తే ఉత్త మట్టిలోదే పొడుగ్గా ఉంది, కంపోస్ట్‌లోది అందులో సగం కూడా లేదు, బూడిదలో ఒకటి మొలవనేలేదు. అంటే కంపోస్ట్ మంచిది కాదనా?

జవాబు: అప్పుడే ఆ మాట అనకండి. పీకితే పిల్లవేర్లన్నీ తెగి మట్టిలోనే ఉండిపోతాయి అండీ, చేతికొచ్చేది తల్లివేరు ముక్క, అదీ ఎక్కడ తెగిందో తెలీదు. కుండీని బకెట్ నీళ్ళలో అరగంట నానబెట్టి మట్టి దానంతటదే జారేదాకా మెల్లగా ఆడించండి, తర్వాత నల్లటి ట్రేలో పల్చగా నీళ్ళు పోసి అందులో వదిలితే సన్న వేర్లు ఒక్కోటీ విచ్చుకుంటాయి, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసుకోండి.

ఇంకోటి, మొదటి వారం పెసర మొలక చాలావరకు తన పప్పుబద్దల్లో దాచుకున్న తిండి మీదే బతుకుతుంది, ఎరువుతో అప్పటికి పెద్ద పని ఉండదు. కాబట్టి ఇంత తొందరగా తేడా వచ్చిందంటే ముందు లవణాలు, పీహెచ్ (మట్టిలో ఆమ్లం, క్షారం ఎంతో చెప్పే కొలత), తడి, గాలి వీటినే అనుమానించాలి. సగం కంపోస్ట్ అంటే లవణాలు ఎక్కువై వేరు నీళ్ళు లాక్కోలేకపోవచ్చు, సరిగ్గా మాగకపోతే అందులోని అమ్మోనియా, ఆమ్లాలు వేరు కొనని దెబ్బతీస్తాయి. కొన తెల్లగా సన్నగా ఉందా, గోధుమరంగులో మొద్దుబారిందా చూశారా? బూడిదైతే క్షారం, చిటికెడుతో మొదలెట్టాల్సింది.

ఇంకో జవాబు: రెండు గింజలతో ఏం తేలదండీ, అసలు గింజకీ గింజకే తేడా ఉంటుంది. ఉత్త మట్టి, 5 శాతం, 10 శాతం, 20 శాతం కంపోస్ట్, ఒక్కోదానికి కనీసం అయిదు కుండీలు పెట్టి, రోజూ చోట్లు మార్చండి. కంపోస్ట్ ఎక్కువ తడి పట్టి ఉంచుతుంది కాబట్టి అన్నిటికీ ఒకే గ్లాసు లెక్కన పోయకుండా కుండీని తూచి తగ్గినంతే పోయండి. వేరు పొడుగ్గా ఉంటేనే మంచిదనీ అనుకోవద్దు, పోషకాలు దగ్గర్లోనే దొరికితే మొక్క అంత దూరం వెతుక్కోదు, వేరు పక్కలకి ఎన్ని పిల్లవేర్లు వేసిందో కూడా లెక్కపెట్టండి.

పీకకుండా రోజూ చూసే దారి ఉందా అండీ?

ఉంది, పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ డబ్బాకి నల్ల కాగితం చుట్టి ఏటవాలుగా పెట్టండి, వేరు కిందవైపు గోడ వెంబడే దిగుతుంది. రోజూ ఒకే టైముకి కాగితం తీసి కొన ఉన్నచోట మార్కర్‌తో గీత పెట్టి మళ్ళీ చుట్టేయండి, వెలుతురు తగలనివ్వద్దు.

పాత కుండీల మట్టి పారేయలేదు, ఇప్పుడే కంపోస్ట్‌ది నీళ్ళలో నానబెట్టి చూశా. వెంట్రుకల్లాంటి తెల్ల వేర్లు, తెగినవి, గుప్పెడు తేలాయి. రేపే డబ్బాలతో మళ్ళీ మొదలెడుతున్నా.