పనిబల్ల ముందా, పని ముందా? చేతి పనిముట్లతో వడ్రంగం మొదలుపెట్టేవాళ్ళకి బెంచి అవసరమా

కొత్తరంపం (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మూడు నెలల కిందట చేతి పనిముట్లు కొన్నాను. ఒక రంపం, మూడు ఉలులు, ఒక ఇనుప చిత్రిక, మూలమట్టం, సానరాయి. ఉండేది అపార్టుమెంటు మూడో అంతస్తులో. బాల్కనీ 9 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. కరెంటు మిషన్లు వద్దనుకున్నాను, చప్పుడు కింద ఇంటివాళ్ళకి ఇబ్బంది.

పుస్తకాల అలమర చేద్దామని పలక తీసుకుని డైనింగ్ టేబుల్ మీద పెట్టి చిత్రిక పట్టాను. నాలుగు తోపులకి టేబులే గోడ దాకా జరిగింది. వీడియోల్లో అందరూ ముందు బరువైన పనిబల్ల కట్టుకోమంటున్నారు. మా ఇంటికి తలుపులు చేసిన మేస్త్రిని అడిగితే, "బల్లెందుకు సార్, నేల లేదా?" అన్నారు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గోదావరిగట్టు (రాజమండ్రి దగ్గర పల్లె)

మేస్త్రి మాటే నా మాట. మా నాన్న వడ్రంగి. తుమ్మ కర్రతో బండి చక్రాలు, నాగళ్ళు చేశాడు, టేకుతో గుమ్మాలు చేశాడు. మా ఇంట్లో పనిబల్ల అనే వస్తువు లేదు. ఉన్నది ఒక చింత మొద్దు, గోడకి ఆనించిన ఒక పలక. చెక్కని పాదంతో తొక్కిపట్టి ఉలి కొట్టేవాడు. బొటనవేలు, మడమ ఆయనకి రెండు క్లాంపులు. కొండపల్లికి వెళ్ళి చూడండి, పొణికి చెక్కతో బొమ్మలు చెక్కేవాళ్ళు నేల మీద కూర్చునే చేస్తారు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు బల్ల పేరుతో ఆరు నెలలు గడిపేయడం కళ్ళారా చూశాను. బల్ల పూర్తయ్యేసరికి ఉత్సాహం అయిపోతుంది. మీరు చేద్దామనుకున్నది అలమర. అలమరే చేయండి. నేల మీద ఒక మందపాటి పలక వేసి, దాని చివర గోడకి తన్నిపెట్టి, పలక మీద అడ్డంగా ఒక బద్ద మేకులతో కొట్టండి. చిత్రిక తోసినప్పుడు చెక్క ఆ బద్దకి తగిలి ఆగుతుంది. ఈ ఆదివారమే పని మొదలవుతుంది.

వేపనీడ (అనంతపురం)

గోదావరిగట్టు గారూ, మీ నాన్నగారి పనితనం మీద నాకు పూర్తి గౌరవం ఉంది. కానీ ఆయన పదేళ్ళ వయసు నుంచి గొంతుక్కూర్చుని పని చేసి ఉంటారు. ఇక్కడ అడుగుతున్న తమ్ముడు రోజంతా కుర్చీలో కూర్చునే మనిషి. అరగంట గొంతుక్కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరిలో పదునైన ఉలి పాదం పక్కన ఆడుతుంది. నేను రిటైరయ్యాక నేర్చుకున్నాను. నేల మీద చేసిన మొదటి నెలలోనే ఎడమ పాదానికి మూడు కుట్లు పడ్డాయి.

ఇంకో విషయం ఇంతకంటే ముఖ్యం. చిత్రిక పట్టడంలో తోసేది చేతులు కాదు, నడుము, తొడలు. నిలబడి, ఒక కాలు వెనక్కి వేసి, ఒంటి బరువుతో ముందుకి వెళ్ళాలి. కింద ఉన్నది కదిలితే ఆ బలం అంతా కదలికలోనే పోతుంది. కొత్తవాడికి చెక్క పెళ్ళలు లేస్తే తప్పెక్కడో తెలియదు. బ్లేడు పదును లేదా, నారకి ఎదురుగా తోశాడా, బల్ల ఊగిందా? బల్ల స్థిరంగా ఉంటే అనుమానాల్లో ఒకటి తగ్గుతుంది. నేర్చుకునేవాడికి అది చాలా పెద్ద సాయం. చేయి తిరిగినవాడు దేనిమీదైనా చేస్తాడు. గట్టి బల్ల కావాల్సింది కొత్తవాడికే.

గోదావరిగట్టు

కుట్ల సంగతి చదివి బాధేసింది. మీరన్నదాంట్లో ఒకటి ఒప్పుకోవాలి. మా నాన్నకి యాభై అయిదు దాటాక మోకాళ్ళు వంగలేదు. చివరి పదేళ్ళు పని చెప్పి చేయించాడు తప్ప కూర్చుని చేయలేకపోయాడు.

మీ పోస్టు చదివాక ఒకటి గుర్తొచ్చింది. పొడవాటి గుమ్మం కర్రలకి చిత్రిక పట్టేటప్పుడు నాన్న ఎప్పుడూ కూర్చోలేదు. రెండు ముక్కాలి గుర్రాలు వేసి, వాటి మీద దూలం పెట్టి, దూలాన్ని వేపచెట్టుకి తన్నిపెట్టి, నిలబడే పట్టేవాడు. అంటే ఆయనకీ బల్ల ఉంది, దానికి మేము బల్ల అని పేరు పెట్టలేదంతే. కాబట్టి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. స్థిరమైన ఎత్తు కావాలి, నిజం. అది నాలుగు కాళ్ళ ఖరీదైన వస్తువే కానక్కర్లేదు. పని ఆపుకుని దానికోసం కూర్చోవద్దు అన్న మాట మీద మాత్రం ఇప్పటికీ ఉన్నాను.

దూరపుచిత్రిక (ఆస్టిన్, టెక్సాస్)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను నా పనిబల్లని రెండు వారాంతాల్లో కట్టాను. ఇక్కడ ఇళ్ళ కట్టుబడికి వాడే పైన్ పలకలు దుకాణంలో దొరుకుతాయి. 2 బై 12 అంటారు గానీ, నిజంగా కొలిస్తే మందం ఒకటిన్నర అంగుళం, వెడల్పు 11.25 అంగుళాలు. పైన రెండు పలకలు, ముందూ వెనకా పావడాలా కిందికి దిగే రెండు వెడల్పాటి పలకలు. పాతకాలపు ఇంగ్లీషు బల్లల పద్ధతి ఇది. పైపలక పలచగా ఉన్నా ఆ పక్క పలకలు ఊగనివ్వవు. వైస్ (చెక్కని రెండు దవడల మధ్య బిగించే మర) పెట్టలేదు. ఒక చివర చెక్కని ఆపే అడ్డు, ముందు పలకకి చెక్కని ఆనించే కొయ్యమేకులు దిగేలా వరసగా బెజ్జాలు, అంతే.

నేను చేసిన తప్పు ఎత్తు. ఇక్కడి వంటగట్టు ఎత్తున 36 అంగుళాలు పెట్టాను, నెల తిరిగేసరికి భుజాలు పట్టేశాయి. చేతులు వదిలేసి నిలబడితే మణికట్టుకీ పిడికిలికీ మధ్యలో బల్ల ఉండాలి. అయిదున్నర అడుగుల మనిషికి అది సుమారు 30 అంగుళాలు. కాళ్ళు కోసి తగ్గించాను. కోయడం తేలిక, అతికించడం కష్టం. అందుకే మొదట కాస్త ఎత్తుగానే కట్టండి.

బాల్కనీ చిన్నదైతే మోకాలి ఎత్తు బల్ల కూడా ఉంది. గుర్రం మీద కూర్చున్నట్టు చెరో పక్క కాలు వేసి కూర్చుంటే ఒంటి బరువే చెక్కని పట్టేస్తుంది. రోమన్ల కాలం నుంచి ఉన్న పద్ధతే. మోకాళ్ళు నొప్పి పుట్టవు, నేల కంటే ఎత్తు, బల్ల కంటే చవక.

సానరాయి (విశాఖపట్నం)

అందరూ ఆకారం గురించే మాట్లాడుతున్నారు. మన దగ్గర అసలు ప్రమాదం కర్రతోనే. దూరపుచిత్రిక గారికి దొరికిన పైన్ బట్టీలో ఆరబెట్టినది. మన సామిల్లులో "ఎండింది మేడమ్" అని ఇచ్చేది తరచూ పచ్చి కర్రే.

నేను మూడంగుళాల మందం వేప పలకలు రెండు కొని, అదే నెలలో బల్ల కట్టేశాను. ఏప్రిల్‌లో ఒక పలక డొప్ప తిరిగింది, రెండోదాని చివర జానెడు నెర్రె. చదును చేస్తే మళ్ళీ తిరిగింది. అంగుళం మందం ఆరడానికి సుమారు ఏడాది అని పాతవాళ్ళు చెప్పే లెక్క. అంటే మూడంగుళాల పలక మూడేళ్ళు నీడలో ఉండాలి, చివర్లకి మైనమో పెయింటో పూసి. ఆ సంగతి తెలియక ఏడ్చాను, అక్షరాలా.

రెండోసారి పాత గుమ్మాలతో కట్టాను. పాత ఇళ్ళు కూల్చినప్పుడు వచ్చే టేకు, మద్ది, వేప గుమ్మాలు అమ్మే అంగళ్ళు ప్రతి పెద్ద ఊళ్ళో ఉన్నాయి. దశాబ్దాలు ఎండలో, వానలో నిలబడిన కర్ర. అది తిరగాల్సినంత తిరిగేసి ఉంటుంది. తమ్ముడూ, లెక్క ఇదీ: 4 బై 3 అంగుళాల నిలువు కర్రలు, ఏడడుగులవి, ఎనిమిది తెచ్చుకో. అయిదు కర్రల్ని అయిదడుగులకి కోసి పక్కపక్కన జిగురుతో అతికిస్తే దాదాపు 20 అంగుళాల వెడల్పు పైపలక. రెండు కర్రల్లో నాలుగు కాళ్ళు. ఒకటి సగానికి కోస్తే కింద పొడుగు అడ్డపట్టీలు రెండు. పైపలక కోతలో మిగిలిన రెండడుగుల ముక్కలు పొట్టి పట్టీలకి. నాలుగు గుమ్మాల నిలువు కర్రలు కలిస్తే ఒక బల్ల. బరువు 80, 90 కిలోల దాకా వస్తుంది. అది జరగదు.

వేపనీడ

సానరాయి గారి సలహా బంగారం. కానీ ఒక హెచ్చరిక. పాత గుమ్మంలో మేకులు విరిగి లోపలే ఉండిపోతాయి. ఒక్క మేకు తగిలితే చిత్రిక బ్లేడు అంచుకి సొట్ట పడుతుంది, మళ్ళీ రాయి మీద గంట పని. అంగుళం అంగుళం అయస్కాంతం పెట్టి చూడాలి. గోడలోకి దిగిన కొసకి సిమెంటు పట్టి ఉంటుంది, దాన్ని కోసి పారేయాలి. చెదలు తిన్న కర్రని సుత్తితో తడితే డొల్ల చప్పుడు వస్తుంది.

ఇంకా ఒక అనుమానం. గుమ్మంలో తలుపు కూర్చునే గాడి ఉంటుంది కదా, అతికిస్తే పైపలక మీద కాలవలు పడవా?

సానరాయి

పడవు. గాడి అర అంగుళం లోతే. గాడి ఉన్న ముఖాన్ని కిందికి తిప్పితే, పక్క ముఖంలో జిగురు పట్టే చోటు ఒక వైపు మూడంగుళాల బదులు రెండున్నర ఉంటుంది. చాలు. కాలవలన్నీ బల్ల కిందికి పోతాయి.

కొత్తరంపం

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం రెండు పనులు చేశాను. పొద్దున గోదావరిగట్టు అన్న చెప్పినట్టు నేల మీద పలక వేసి గోడకి తన్నిపెట్టాను. అలమర పక్క పలకలు రెండూ చదునయ్యాయి. మొదటిసారి చిత్రికలోంచి పొట్టు తెగకుండా మూరెడు వచ్చింది. మా అమ్మ దాన్ని తీసుకెళ్ళి దేవుడి గదిలో పెట్టింది. నడుము మాత్రం రాత్రి పడుకోనివ్వలేదు, కాబట్టి వేపనీడ గారి మాటా నిజమే.

మధ్యాహ్నం పాత కర్ర అంగడికి వెళ్ళాను. ఏడు నిలువు కర్రలు దొరికాయి, మద్దివి. ఎనిమిదోది చెదలు పట్టింది, తీసుకోలేదు. మూడో అంతస్తుకి ఒక్కొక్కటి మోసుకొచ్చాను. అలమర ఆపను, పూర్తి చేస్తూనే సాయంత్రాలు ఒక్కో కర్ర శుభ్రం చేసుకుంటాను. ఒక్క ప్రశ్న: వైస్ ఇప్పుడే కొననా?

దూరపుచిత్రిక

ఇప్పుడొద్దు. ముందు అడ్డు, రెండు క్లాంపులతో నాలుగు నెలలు చేయండి. ఏ పనికి చెక్క నిలవట్లేదో అప్పుడు మీకే తెలుస్తుంది, దాన్నిబట్టి ఎక్కడ, ఏ రకం వైస్ అన్నది తేలుతుంది. కానీ పైపలక ముందు అంచూ, కాళ్ళ ముందు ముఖమూ ఒకే వరసలో ఉండేలా చూడండి. పలక అంచుకి చిత్రిక పట్టేటప్పుడు దాన్ని ఆ కాళ్ళకే క్లాంపుతో బిగించొచ్చు.

గోదావరిగట్టు

తమ్ముడూ, ఎనిమిదో కర్ర కోసం ఆగిపోకు. కింద పొడుగు పట్టీలకి ఏ గట్టి కర్రయినా సరిపోతుంది. కాలి చివర నాలుకలా చెక్కి పైపలక బెజ్జంలోకి దింపుతావు కదా, ఆ బెజ్జాలు కొట్టేటప్పుడు కర్ర కింద నాలుగు మడతల గోనెసంచి వేసుకో, కింద ఇంటికి దెబ్బ చప్పుడు తగ్గుతుంది. కాళ్ళు రెండంగుళాలు ఎక్కువే ఉంచు. నాలుగూ దిగాక, బల్ల ఎక్కడ నిలబెడతావో అక్కడే నిలబెట్టి, పొట్టిగా ఉన్న కాలు కింద చీలిక పెట్టి, పైపలక మట్టంగా వచ్చాక నేల నుంచి గీత గీసి కోయి. బాల్కనీ నేల నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటుంది, మర్చిపోకు.