బస్తీ ఖాళీ చేసి ఫ్లాటు తీసుకునే సమ్మతి పత్రంపై సంతకం చేసేముందు ఏమేమి రాయించుకోవాలి?

నగర పునరభివృద్ధి కోసం ఖాళీ చేయించబోతున్న ఒక బస్తీలో నివాసుల సంఘానికి కాగితాల పనిలో సాయపడుతున్నాను. సర్వే అయిపోయింది, తలుపుల మీద ఎర్రరంగుతో నంబర్లు వేశారు. తగాదా అక్కడే మొదలైంది. కింద తల్లిదండ్రులు, పైన రేకుల గదిలో పెళ్లయిన కొడుకు కాపురం. వీధి తలుపు ఒకటే కాబట్టి ఒకే నంబరు, ఒకే ఫ్లాటు అంటున్నారు. అద్దెకున్నవారికి అసలు నంబరే లేదు. నిన్నటిదాకా కలిసి ఉన్నవాళ్లు ఒకరినొకరు అనుమానిస్తున్నారు. ఈ చీలిక ఎవరికి లాభమో చెప్పనక్కర్లేదు.

జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని 1985లో బొంబాయి ఫుట్‌పాత్ నివాసులను ఖాళీ చేయించడంపై వచ్చిన ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చట్టప్రకారం ఖాళీ చేయించడాన్ని మాత్రం తప్పుపట్టలేదు. అందుకే కోర్టు మెట్లెక్కే ముందే కాగితం గట్టిగా ఉండాలంటాను. థాయిలాండ్‌లో 2003లో మొదలైన బాన్ మన్‌కాంగ్ పథకంలో బస్తీవాసులే సర్వే చేసుకుని ఇళ్ల ప్రణాళిక వేసుకుంటారు. ఇక్కడ కనీసం జాబితా సరిచూసుకునే అవకాశమైనా అడగకూడదా?

ఇలాంటి తరలింపును దగ్గరగా చూసినవారు దయచేసి చెప్పండి. ఉమ్మడి ఇంట్లోని రెండో కుటుంబాన్ని ఏ ఆధారాలతో విడిగా నమోదు చేయించారు? అద్దెదారులకు ఏమైనా దక్కిందా? కొత్త ఇళ్లు పూర్తయ్యేదాకా అద్దె ఎవరు కట్టాలో, ఆ తర్వాత లిఫ్టు, నీటి మోటారు ఖర్చు ఎవరిదో ఒప్పందంలో ఎలా రాయించారు? ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు నడిచివెళ్లే దూరంలోనే స్థలం ఇవ్వాలని పట్టుబట్టి సాధించినవారుంటే తప్పక రాయండి.