సమస్య: లోకమును గాచినందుకు లోకువయ్యె

అరసున్న (నిర్వహణ): నిన్న మా అమ్మాయితో కూర్చుని జస్టిస్ లీగ్ అన్‌లిమిటెడ్ అనే సూపర్‌హీరోల కార్టూన్ సీరియల్‌లో 2004 నాటి 'ది గ్రేటెస్ట్ స్టోరీ నెవర్ టోల్డ్' ఎపిసోడ్ మళ్లీ చూశాను. మోర్డ్రూ అనే మాంత్రికుడి మీదికి పెద్ద హీరోలంతా పోతే, చిన్న హీరో బూస్టర్ గోల్డ్‌ని జనాన్ని అదుపు చెయ్యమని వదిలేస్తారు. ఆ పోరు వెనకాల ఎక్కడో తునకలు తునకలుగా కనిపిస్తుంది, కథంతా వీడిదే, లోకాన్ని మింగబోయే కృష్ణబిలాన్ని (బ్లాక్ హోల్) మూసేదీ వీడే. జనమేమో వీణ్ణి చూసి గ్రీన్ లాంటర్న్ అంటారు! చూస్తుండగానే ఈ పాదం వచ్చింది. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి, కానివ్వండి.

కందిపొడి:
మాంత్రికుని తోడ దొరలెల్ల మార్కొనంగ
గుంపు కాపుగ వీథిలో గోల్డు నిలిచె;
కృష్ణబిలమును మూసియు కీర్తి లేక
లోకమును గాచినందుకు లోకువయ్యె!

అరసున్న: కృ–కీ యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జత) హాయిగా ఉందమ్మా. కథంతా నాలుగు పాదాల్లో వచ్చేసింది. కానీ చివరి పాదాన్ని ఉన్నదున్నట్టే ఒప్పేసుకున్నారు, మెలిక పడలేదు.

ముద్దపప్పు:
తెగడె గబ్బిల దొర. యైన దెలిసి ట్రేసి
కాఫి తాగుద మని పిల్చె గారవించి;
ఇంతి మది నిండ నుండగ నెట్లు వాఁడు
లోకమును గాచినందుకు లోకువయ్యె?

కందిపొడి: ఒక్క 'ఎట్లు'తో సమస్యనే ప్రశ్న చేసేశారు పప్పుగారూ, నాకు తట్టనే లేదు! చివర్లో బ్యాట్‌మన్ గుంపును వదిలేశావని చీవాట్లు పెడుతుంటే వీడు చేసిన పని చెప్పుకోలేక నిలబడతాడు చూడండి, నాకు అక్కడ గొంతు పట్టేసింది. మొదట్లో వీణ్ణి పట్టించుకోని శాస్త్రవేత్త ట్రేసీయే తర్వాత వచ్చి పిలుస్తుంది. ఎపిసోడ్ మొత్తానికి అదే ప్రాణం, మీరు సరిగ్గా దాన్నే పట్టుకున్నారు.

గురులఘువు: మెలిక బాగుంది, గణం (గురులఘువుల కూర్పు) పోయింది. 'తెలిసి ట్రేసి' అన్నప్పుడు ట్రే ముందు 'సి' గురువు కాదా? మూడు లఘువులు ఎక్కణ్ణుంచి వచ్చాయి? నా పూరణ:
దొంగ సామాను తొడిగిన యూడ్పువాడు
కాల మెదురీది పేరుకై కలలు కనుచు
ప్రకటనల మోజు మానెను ప్రాణమొడ్డి
లోకమును గాచినందుకు లోకువయ్యె!

ముద్దపప్పు: మాస్టారూ, అది సమాసం కాదు. తెలుగు మాట తర్వాత వేరే మాట సంయుక్తంతో మొదలైతే ముందున్న అక్షరం లఘువుగానే ఉంటుంది. మీ లెక్కే నిజమైతే మీ 'కనుచు' తర్వాత 'ప్ర' వచ్చింది, మరి అక్కడ మీ సూర్యగణం ఏమైనట్టు? అసలు మీరు నా పద్యం పూర్తిగా చదవకుండా తప్పు వెతకడం ఉగాది నుంచీ ఉంది. అప్పుడు బెల్లానికీ వేపపువ్వుకీ యతి కుదరదన్నారు. వ, బలకు అభేదం (రెండూ ఒకటే అన్న లెక్క) ఉందని నేను చెప్పినా వినలేదు.

గురులఘువు: చెల్లుతుంది కదా అని వేసేస్తే అందం ఏముంటుంది? బెల్లం దగ్గర వేరే మాట దొరికేది, మీరు వెతకలేదు.

అరసున్న: ఉగాది సంగతి ఉగాది చర్చలో మాట్లాడుకోండి. గణం విషయంలో పప్పుగారిదే ఒప్పు. గురులఘువుగారూ, నిజంగా జారింది మీ మొదటి పాదంలో. 'దొం'కి 'యూ'తో యతి ఎలా? అయినా మీరొక్కరే వాడి పూర్వకథలోకి వెళ్లారు. 25వ శతాబ్దంలో మ్యూజియం ఊడ్చుకునేవాడు అక్కడి సామాను, ఆ చిన్న రోబో స్కీట్స్‌తో సహా ఎత్తుకుని మన కాలానికి వచ్చాడన్నది ఒక్క పాదంలో చెప్పారు. నాకు అన్నిటికంటే అదే నచ్చింది. యతి సరిచేయండి, పైన పెడతాను.

కందిపొడి: ఎలాంగేటెడ్ మ్యాన్ మీద ఎవరూ రాయరా? సాగేవాడు ఇప్పటికే ఒకడున్నాడని అతన్నీ గుంపు దగ్గరికే పంపారు పాపం.

గురులఘువు: 'దొంగ సామాను తొడిగిన తుడుపువాడు'. మార్చాను, దొ–తు సరిపోయింది. 'సి' విషయం కూడా ఒప్పుకుంటున్నాను పప్పుగారూ. బెల్లం మాత్రం ఒప్పుకోను.