వేలం సైట్లలో సెల్లర్‌తో బేరం: మీరు ఎలా అడుగుతారు?

గాజుకన్ను
చేత్తో తిప్పి ఫోకస్ చేసుకునే పాత మాన్యువల్ కెమెరా లెన్సుల మీద కొత్తగా మోజు పుట్టింది. హీలియోస్ 44-2 అనే సోవియట్ లెన్సు మీద మూడు వారాలుగా కన్నేసి ఉంచాను. ఒక లిస్టింగ్‌లో ఆఫర్ బటన్ కనిపిస్తే సగం ధరకి ఆఫర్ పెట్టాను. నిమిషం తిరక్కుండానే తిరస్కరించినట్టు వచ్చింది, ఒక్క మాట కూడా రాయలేదు. ఇంకోచోట అదే లెన్సు వేలానికి ఉంటే "ఆఖరి ధర ఎంతో చెప్పండి" అని మెసేజ్ పెట్టాను. ఇప్పటిదాకా జవాబు లేదు.

అసలు వీళ్ళతో బేరం ఎలా ఆడాలి? తక్కువ అడిగితే కోపం వస్తుందా? వేలం మొదలయ్యాక ధర అడగడం తప్పా? నాకు మొహమాటం ఎక్కువ, అడిగి కాదనిపించుకోవడం కష్టంగా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

నిబ్బు
అడగందే అమ్మైనా పెట్టదు అంటారు కదండీ, అడగడంలో తప్పేమీ లేదు. కానీ అడిగే ముందు చేయాల్సిన పని ఒకటుంది. సైట్‌లో "అమ్ముడైనవి" అనే ఫిల్టర్ పెట్టి, అదే వస్తువు ఇటీవల నిజంగా ఎంతకు పోయిందో చూడండి. లిస్టింగుల్లో కనిపించేది సెల్లర్ ఆశపడే ధర. అమ్ముడైన ధర వేరు. నేను కనీసం పది అమ్మకాలు చూసి, మరీ ఎక్కువ పలికినదాన్నీ, మరీ తక్కువ పలికినదాన్నీ పక్కన పెట్టి, మిగిలినవాటిని బట్టి ఒక అంకె రాసుకుంటాను. షిప్పింగ్ ఖర్చు కలిపి రాసుకోవాలి. ధర తక్కువ పెట్టి షిప్పింగ్‌లో లాగేవాళ్ళు చాలామంది ఉంటారు.

నేను పాత ఫౌంటెన్ పెన్నులు కొంటాను. కిందటేడు ఒక పెన్ను ఫోటోలు పెద్దవి చేసి చూస్తుంటే మూడో ఫోటోలో క్యాప్ అంచున వెంట్రుకంత గీత కనిపించింది. అది గీతా, పగులా అన్నది ఫోటోలో తేలలేదు. సెల్లర్‌కి ఇలా రాశాను: "నమస్తే. మీ పెన్ను నచ్చింది. మూడో ఫోటోలో క్యాప్ అంచు దగ్గర సన్నని గీత కనిపిస్తోంది. అక్కడ గోరు పెట్టి చూస్తే తగులుతోందా? వీలైతే దగ్గరి ఫోటో ఒకటి పంపగలరా?" ధర మాటే ఎత్తలేదు. ఆయన చూసుకుని, అవును పగులే, నేను గమనించలేదు అని రాశారు. నేను నా అంకె చెప్పి, ఒప్పుకుంటే వెంటనే డబ్బు కడతానన్నాను. అడిగినదాంట్లో మూడోవంతు తగ్గింది. నేను గీసి గీసి బేరమాడలేదు, ఆ గీత ఉందని చూపించానంతే.

పాతసామాన్లపెట్టె
అవతలి వైపు నుంచి చెప్తాను. ఎనిమిదేళ్ళుగా పాత రేడియోలు, గడియారాలు, విడిభాగాలు అమ్ముతున్నాను.

గాజుకన్ను గారూ, మీ సగం ధర ఆఫర్‌ని బహుశా మనిషి చూసి కూడా ఉండరు. ఈబే లాంటి సైట్లలో సెల్లర్ ఒక హద్దు పెట్టుకోవచ్చు. ఆ హద్దు కంటే తక్కువ ఆఫర్ వస్తే దానంతటదే తిరస్కరించేస్తుంది. అలాగే ఒక హద్దు పైన వస్తే దానంతటదే ఒప్పుకుంటుంది కూడా. నిమిషంలో కాదని వచ్చిందంటే అది యంత్రం చెప్పిన మాట, మనసుకి తీసుకోకండి. కాకపోతే మీకు దొరికే ఆఫర్లు లెక్కపెట్టినన్నే. ఈబేలో మామూలుగా ఒక వస్తువుకి ఒక కొనుగోలుదారుకి ఐదు. అందులో ఒకటి వృథా అయినట్టే.

ఇక "ఆఖరి ధర ఎంత" అన్న మెసేజ్ గురించి. ఇలాంటివి నాకు రోజూ వస్తాయి. జవాబివ్వడం మానేశాను. ఎందుకంటే నేను ఒక అంకె చెప్పగానే అది ఆఖరిది కాదు, అక్కడి నుంచి మళ్ళీ బేరం మొదలవుతుంది. అడిగినవాళ్ళకి కొనే ఉద్దేశం ఉందో లేదో కూడా తెలియదు. మీ అంకె మీరు చెప్తే నేను అవునో కాదో అనగలను. మీరు అంకె చెప్పకముందే నేను తగ్గాలంటే ఎలా?

నేను ఎప్పుడు దిగొస్తానో కూడా చెప్తాను. వస్తువు పెట్టిన మొదటి వారంలో దాదాపు తగ్గను, ఇంకా మంచి ధర వస్తుందన్న ఆశ ఉంటుంది. రెండు మూడు నెలలు అలమరలో కూర్చున్నాక, ప్యాకింగ్ అట్టపెట్టె కూడా సిద్ధంగా ఉంటే, మర్యాదగా అడిగినవాళ్ళకి సంతోషంగా ఇచ్చేస్తాను. ఒకే మనిషి రెండు మూడు వస్తువులు కలిపి తీసుకుంటానంటే ఇంకా నయం: ఒకే పార్సిల్, ఒకే ప్రయాణం, మిగిలిన షిప్పింగ్ డబ్బు వదులుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అమ్మిన ధరలో సైట్‌కి ఫీజు పోతుంది. అందుకే మీరు అడిగిన పదిశాతం తగ్గింపు నా లాభంలో పదిశాతం కాదు, చాలాసార్లు సగం. అది మనసులో పెట్టుకుని అడిగితే చాలు.

వేగుచుక్క
పైన చెప్పినవన్నీ స్థిరధర లిస్టింగులకి బాగా పనిచేస్తాయి. వేలంలో లెక్క వేరు, దాన్ని విడిగా చూడాలి.

ఒక్క బిడ్ కూడా పడకముందు అడగడానికి వీలుంది. "ఇప్పుడే కొను" ధర పెట్టే ఆలోచన ఉందా అని మర్యాదగా అడగొచ్చు, కొందరు పెడతారు. ఒకసారి బిడ్ పడ్డాక అడగకండి. అప్పటికే పాడినవాళ్ళకి అది అన్యాయం. మంచి సెల్లర్ ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకునే సెల్లర్‌ని నేను నమ్మను, రేపు నేను గెలవబోతుంటే ఇంకొకరితో అదే పని చేస్తాడు కదా.

బిడ్లు నడుస్తున్నప్పుడు మీ బేరమంతా మీతోనే. చాలా సైట్లలో మీరు మీ గరిష్ఠ ధర చెప్తే సైటే మీ తరఫున కొంచెం కొంచెం పెంచుతూ పాడుతుంది. మీ గరిష్ఠం 100, అవతలివాళ్ళది 80 అనుకోండి, మీరు 80కి పైన ఒక్క మెట్టు మాత్రమే కడతారు, 100 కాదు. అందుకని ముందే ఆలోచించుకుని అసలు అంకె పెట్టేయడం మేలు. చిన్నచిన్న బిడ్లు వేసుకుంటూ పోతే పంతం పెరుగుతుంది. అలా ఒక గడియారానికి నేను రాసుకున్నదానికంటే నలభై శాతం ఎక్కువ కట్టాను. అవతలి మనిషి మీద గెలవాలన్న పట్టుదల తప్ప ఆ గడియారం మీద ప్రేమ కాదు. ఇప్పటికీ అది పెట్టుకోవాలనిపించదు.

నేను చివరి పది సెకన్లలోనే బిడ్ వేస్తాను. ఇది దొంగదారి కాదు. ఆల్విన్ రోత్, యాక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో దీనిమీదే పరిశోధన ప్రచురించారు. ఈబే వేలం చెప్పిన సమయానికి ఆగిపోతుంది. అప్పట్లో అమెజాన్ కూడా వేలాలు నడిపేది, అక్కడ చివరి పది నిమిషాల్లో బిడ్ పడితే గడువు పొడిగించేవారు. ఆఖరి క్షణం బిడ్లు ఈబేలోనే బాగా ఎక్కువని వాళ్ళు చూపించారు. అంటే మనుషులు సైట్ నియమాన్ని బట్టి నడుచుకుంటున్నారు. మీరు వాడే సైట్‌లో గడువు పొడిగిస్తారో లేదో ముందు చూసుకోండి. పొడిగిస్తే చివరిదాకా కాచుకుని లాభం లేదు.

సగంతోమొదలు
నేను ఒప్పుకోను. నేనెప్పుడూ సగంతోనే మొదలుపెడతాను. పదిమందిలో తొమ్మిదిమంది కాదంటారు, ఒకరు ఒప్పుకుంటారు. ఆ ఒక్కటి చాలు. మాటలు పెంచి కథలు చెప్పే ఓపిక నాకు లేదు.

పాతసామాన్లపెట్టె
మీకు ఏది దొరికినా సరే అనుకుంటే మీ పద్ధతి పనిచేస్తుంది. కానీ గాజుకన్ను గారికి ఫలానా లెన్సే కావాలి. అలాంటప్పుడు ఆ తొమ్మిదిమందిలో ఒకరి దగ్గరే అది ఉండొచ్చు. మూడుసార్లు సగం ధర ఆఫర్ పెట్టినవాళ్ళని నేను బ్లాక్ జాబితాలో వేస్తాను. కోపంతో కాదు. కొన్నాక కూడా ఏదో వంకతో ధర తగ్గించమంటారన్న భయం, రెండుసార్లు నాకు అలాగే జరిగింది.

లెక్కలపలక
అంకెల గురించి ఒక మాట. సెల్లర్ పెట్టిన ధర గుండ్రంగా ఉందా లేదా చూడండి. మ్యాథ్యూ బ్యాకస్, థామస్ బ్లేక్, స్టీవెన్ టాడెలిస్ ఈబే ఆఫర్ లావాదేవీల మీద చేసిన పరిశోధన 2019లో వచ్చింది. వందల గుణిజాలుగా గుండ్రని ధర పెట్టిన వస్తువులకి, పక్కనే ఉన్న ఖచ్చితమైన అంకెలు పెట్టినవాటికంటే 5 నుంచి 8 శాతం తక్కువ మొత్తానికి ఆఫర్లు వచ్చాయి, కానీ 6 నుంచి 11 రోజులు ముందే వచ్చాయి. అమ్ముడయ్యే అవకాశం కూడా కాస్త ఎక్కువ. గుండ్రని అంకె పెట్టిన సెల్లర్ "త్వరగా పోతే చాలు, మాట్లాడుకుందాం" అంటున్నట్టు. 487 అని పెట్టినవాళ్ళు లెక్క వేసుకుని కూర్చున్నారు, అక్కడ తగ్గింపు తక్కువే.

ఇంకోటి, సెల్లర్ కౌంటర్ ఆఫర్ ఇస్తే, అంటే మీ ఆఫర్‌కి బదులుగా తన అంకె చెప్తే, మీ అంకెకీ ఆయన అంకెకీ సరిగ్గా మధ్యలో తెగడం చాలా మామూలు. కాబట్టి మొదటి ఆఫర్ పెట్టేటప్పుడే మధ్యబిందువు ఎక్కడ పడుతుందో చూసుకోండి. మీరు 90కి కొనాలనుకుంటే, అడిగింది 100 అయితే, 80 దగ్గర మొదలుపెట్టడం సహజం. 50 దగ్గర మొదలుపెడితే ఆ మాటే సాగదు.

గాజుకన్ను
అందరికీ చాలా థాంక్స్. రాత్రంతా అమ్ముడైన లెన్సులు చూశాను. కళ్ళు తెరుచుకున్నాయి. నేను "అరుదైనది" అన్న మాట నమ్మి కూర్చున్నాను, తీరా చూస్తే ఈ లెన్సులు లక్షల్లో తయారయ్యాయి, ప్రతివారం అమ్ముడవుతూనే ఉన్నాయి. ఇంకో లిస్టింగ్ దొరికింది. పెట్టి రెండు నెలలైంది, గుండ్రని ధర, 1960ల నాటిదని రాశారు. ఫోటోలో సీరియల్ నంబర్ 81తో మొదలవుతోంది. ఈ లెన్సుల్లో చాలావాటికి మొదటి రెండంకెలు తయారైన సంవత్సరమే కదా? అంటే 1981. ఇది చెప్తే సెల్లర్‌ని తప్పుబట్టినట్టు ఉంటుందేమో?

నిబ్బు
తప్పు పట్టినట్టు రాస్తే ఉంటుంది. "సీరియల్ చూస్తే 1981ది అనిపిస్తోంది, మీరేమంటారు?" అని అడగండి, ఆయనకి తెలిసి ఉండకపోవచ్చు. అలాగే వెనకవైపు నుంచి టార్చి వేసి, ముందు గాజులోంచి తీసిన ఫోటో అడగండి. పగటి వెలుగులో శుభ్రంగా కనిపించే లెన్సులో కూడా సాలెగూడు పోగుల్లా ఉండే ఫంగస్ (బూజు) టార్చి వెలుగులో బయటపడుతుంది. లోపలికి వచ్చే వెలుగుని తగ్గించే అపర్చర్ రెక్కల మీద నూనె మెరుస్తోందేమో కూడా అందులోనే తెలుస్తుంది.

తలుపుచప్పుడు
ఒక హెచ్చరిక పెట్టి వెళ్తాను, ఎవరూ చెప్పలేదు కాబట్టి. బేరం మధ్యలో సెల్లర్ "సైట్ బయట డబ్బు పంపండి, ఫీజు మిగులుతుంది, పదిశాతం తగ్గిస్తా" అంటే ఆగిపోండి. నేను ఒక సైట్‌లో అలాగే ఒప్పుకున్నాను. వచ్చిన పార్సిల్లో విరిగిన టైప్‌రైటర్ ఉంది, అక్షరాల కమ్మీలు మూడు లేవు. సైట్ వాళ్ళని అడిగితే, లావాదేవీ మా దగ్గర జరగలేదు అన్నారు. వాళ్ళ మాటా నిజమే. కొనుగోలుదారు రక్షణ సైట్ లోపల కట్టిన డబ్బుకే. ఆ పదిశాతం కోసం మొత్తం పోయింది, ఆర్నెల్లు ఏమీ కొనలేకపోయాను.

వేలంలో ఓడిపోయాక "గెలిచినవాళ్ళు కట్టలేదు, మీకిస్తాం" అని ఈమెయిల్ వచ్చినా అంతే జాగ్రత్త. రెండో అవకాశం ఆఫర్ అనేది నిజంగానే ఉంది. కానీ అసలుదైతే సైట్‌లోకి లాగిన్ అయి చూస్తే మీ మెసేజుల్లో కనిపించాలి. ఈమెయిల్లోని లింకు నొక్కకండి.

గాజుకన్ను
ఐదు రోజుల తర్వాత వస్తున్నాను. నిబ్బు గారు చెప్పినట్టే రాశాను. ఆయన మర్నాడు జవాబిచ్చారు. లెన్సు వాళ్ళ మామయ్యదట, సంవత్సరం ఆయన అనుకుని రాసిందేనట, వెంటనే లిస్టింగ్‌లో మార్చారు. టార్చి ఫోటోలు నాలుగు పంపారు. రెక్కలు పొడిగా ఉన్నాయి. ముందు గాజు అంచున, గడియారంలో రెండు గంటల ముల్లు ఉండేచోట, తెల్లటి పోగు ఒకటి కనిపిస్తోంది. మధ్యలోకి రాలేదు. అది ఆయనకి చూపించి, అడిగినదాంట్లో 75 శాతానికి ఆఫర్ పెట్టి, ఈరోజే కడతానని రాశాను. 85కి కౌంటర్ వచ్చింది. 80 అన్నాను, ఒప్పుకున్నారు. లెన్సు వెనక మూత కూడా వేస్తానన్నారు, అది నేను అడగలేదు.

మొహమాటం ఎక్కడికి పోయిందో తెలియదు. వస్తువు గురించి మాట్లాడుతుంటే డబ్బు గురించి మాట్లాడుతున్నట్టే అనిపించలేదు. పార్సిల్ రేపు వస్తుంది.

పాతసామాన్లపెట్టె
చాలా సంతోషం. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, టార్చి ఫోటోలతో పోల్చుకోండి. బాగుంటే ఆయనకి మంచి ఫీడ్‌బ్యాక్ రాయండి, ఫోటోలు తీసి పంపిన సంగతి కూడా రాయండి. ఇంకొక్కటి: ఆ పోగు శుభ్రం చేయించేదాకా ఆ లెన్సుని మీ మిగతా లెన్సుల పక్కన పెట్టకండి, తేమ లేని డబ్బాలో విడిగా ఉంచండి.