పిల్లల కోసం మళ్లీ తీసిన పాత కార్టూన్ల మీద పెద్దవాళ్ల మాట చెల్లుతుందా?

దూరదర్శన్_తరం:

కార్టూన్ నెట్‌వర్క్ 2018 మే నెలలో ‘థండర్‌క్యాట్స్ రోర్’ను ప్రకటించింది. 1985లో మొదలైన పాత ‘థండర్‌క్యాట్స్’లో కండలు తిరిగిన వీరుడిగా కనిపించిన లయన్-ఓ, ఇందులో గుండ్రటి ముఖంతో, పొట్టి కాళ్లతో, అల్లరి కుర్రాడిలా ఉన్నాడు. ఒక్క ఎపిసోడ్ కూడా ప్రసారం కాకముందే, ముప్పై నలభై ఏళ్ల అభిమానులు తమ బాల్యాన్ని పాడుచేశారంటూ విరుచుకుపడ్డారు. 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆ సిరీస్ 52 ఎపిసోడ్లతో, ఒకే సీజన్‌తో ముగిసిపోయింది. చిన్నపిల్లల కోసం తీసిన హాస్య కార్టూన్ మీద పెద్దవాళ్లు ఇచ్చే తీర్పుకు ఎంత విలువ ఇవ్వాలన్నదే నేను ఇక్కడ చర్చకు పెడుతున్న ప్రశ్న.

నా మటుకు నేను చాలా తక్కువ విలువే ఇస్తాను. అభిమానులు కోరుకున్న గంభీరమైన థండర్‌క్యాట్స్ 2011లోనే వచ్చింది. జపాన్ స్టూడియో గీసిన బొమ్మలు, యుద్ధాలు, రాజ్యం కోల్పోయిన యువరాజు కథ, అన్నీ అందులో ఉన్నాయి. 26 ఎపిసోడ్లకే కథ మధ్యలో ఆగిపోయింది. అలా తీసినా నిలవలేదు కనుక, ఏడేళ్ల తర్వాత ఇంకో దారిలో ప్రయత్నించడం నేరమేమీ కాదు. పైగా పాత కథలోనే లయన్-ఓ, అంతరిక్ష ప్రయాణంలో పేటికలో నిద్రపోతూ ఉండగా శరీరం మాత్రం పెద్దదైపోయిన పిల్లవాడు. (ఈ గొడవలో లయన్-ఓ పోలికలు ఎవరిలో ఎక్కువగా ఉన్నాయో పాఠకులే తేల్చుకోవచ్చు.)

పాత_క్యాసెట్:

దూరదర్శన్_తరం గారూ, మీ చమత్కారం బాగుంది కానీ, అసలు ప్రశ్నను మీరు దాటేశారు. పిల్లలకు కొత్త హాస్య కార్టూన్ కావాలనుకుంటే కొత్త పాత్రలతో, కొత్త పేరుతో తీయవచ్చు. 2020లో ఆరేళ్లున్న పిల్లవాడికి థండర్‌క్యాట్స్ అన్న పేరు ఏమీ చెప్పదు. ఆ పేరు వినగానే తల తిప్పి చూసేది వాడి తండ్రి. పేరు పెట్టి విందుకు పిలిచి, విస్తరి ముందు కూర్చోబెట్టి, ఉప్పు తక్కువైందనగానే ఇది మీకోసం వండలేదని చెప్పడం ఎక్కడి మర్యాద?

‘టీన్ టైటాన్స్’ సంగతే చూడండి. 2003 నుంచి 2006 వరకు ఐదు సీజన్లు నడిచిన ఆ సిరీస్‌లో రేవెన్ అనే అమ్మాయికి తన తండ్రి ట్రైగన్ అంటే ఒళ్లు జలదరించే భయం. నాలుగో సీజన్ దాదాపు అంతా ఆ భయం మీదే నడుస్తుంది. 2013లో వచ్చిన ‘టీన్ టైటాన్స్ గో’లో అదే ట్రైగన్ కూతురిని విసిగించే చాదస్తపు నాన్న. రెండింటిలోనూ టైటాన్స్ అనే ఐదుగురు కథానాయకులకు గొంతు ఇచ్చినవారు అదే నటులు. అదే గొంతు నిన్నటి భయాన్ని ఇవాళ వేళాకోళం చేస్తుంటే, పాత ప్రేక్షకుడికి మనసు చివుక్కుమనడంలో వింత లేదు. ఇది పిల్లలకు మాత్రమే అని వాదించేవారు మరొక ప్రశ్నకు కూడా జవాబు చెప్పాలి. 2018లో వచ్చిన ‘గో’ సినిమాలో చివరి పేర్లు పడుతుండగా పాత టైటాన్స్ హఠాత్తుగా కనిపిస్తారు. పాత సిరీస్ ఆగిపోయిన ఏడాదికి ఇంకా పుట్టని పిల్లలను ఉద్దేశించి ఆ దృశ్యం పెట్టారని ఎవరైనా నమ్మగలరా?

కీఫ్రేమ్_కూలీ:

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేసుకునేవాణ్ణి కనుక బొమ్మల విషయం మాత్రమే మాట్లాడతాను. గుండ్రటి తలలు, చిక్కుడు గింజ ఆకారంలో నోరు కనిపిస్తే చాలు, దాన్ని ‘కాల్‌ఆర్ట్స్ స్టైల్’ అని ఈసడించడం ఈ అభిమానులకు అలవాటైపోయింది. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ది ఆర్ట్స్‌లో చదివినవారంతా ఒకే రకంగా గీస్తారని, సోమరితనంతో పని తేల్చేస్తారని వారి ఆరోపణ. 1998లో మొదలైన ‘పవర్‌పఫ్ గర్ల్స్’ను సృష్టించిన క్రెయిగ్ మెక్‌క్రాకెన్ కూడా ఆ కళాశాలలోనే చదివాడు. ఆ ముగ్గురు అమ్మాయిలకు వేళ్లు లేవు, ముక్కులు లేవు, తలలో సగం కళ్లే. అయినా దాన్ని ఎవరూ సోమరి పని అనలేదు, ఎందుకంటే అది వారి చిన్నప్పుడు వచ్చింది.

ఇక పాతవాటి పనితనం గురించి. 1983 నాటి ‘హీ-మ్యాన్’ను తీసిన ఫిల్మేషన్ సంస్థ ఒకసారి గీసిన కదలికలను దాచుకుని, అవసరమైన ప్రతిచోటా వాడుకునేది. హీ-మ్యాన్ పరుగు, కెమెరా వైపు విసిరే గుద్దు, కత్తి పైకెత్తి రూపం మారే ఘట్టం, ఇవన్నీ వెనుక దృశ్యం మాత్రమే మార్చుకుని ఎన్ని ఎపిసోడ్లలో తిరిగి వచ్చాయో చూస్తే తెలుస్తుంది. కండలున్న పాత్రను చేత్తో గీసినప్పుడు, ఒంటి మీది ప్రతి గీతను ప్రతి బొమ్మలోనూ సరిగ్గా అదే చోట నిలపాలి. అందుకే అలాంటి పాత్రలను తక్కువగా కదిలించి, ఎక్కువగా నిలబెట్టి మాట్లాడించేవారు. గీతలు తగ్గించిన బొమ్మ పరిగెత్తగలదు, సాగగలదు, పల్టీలు కొట్టగలదు; హాస్యానికి కావలసింది అదే. రూపం నచ్చలేదంటే నేనేమీ అనను. కానీ తీసినవారిని సామాజిక మాధ్యమాల్లో వెంటపడి దూషించడాన్ని విమర్శగా లెక్కించలేను.

ఆరింటి_కాఫీ:

మా ఎనిమిదేళ్ల అమ్మాయి పాత ‘డక్‌టేల్స్’, 2017లో మొదలైనది, రెండూ చూసింది. పాతదాన్ని మేము తొంభైల్లో దూరదర్శన్‌లో హిందీలో చూశాం, కనుక మా ‘అసలు’ కూడా అనువాదమే. పాతది చూస్తూ మా అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న, “అమ్మా, ఈ ముగ్గురిలో ఎవరు ఎవరో నీకు ఎలా తెలిసేది?” చొక్కా రంగును బట్టి అని చెప్పాను. ఇంగ్లీషులో ఆ ముగ్గురికీ ఒక్కరే గొంతు ఇచ్చారని తర్వాత తెలిసింది. కొత్తదానిలో హ్యూయీ, డ్యూయీ, లూయీ ముగ్గురికీ ముగ్గురు నటులు, మూడు స్వభావాలు. వాళ్ల అమ్మ ఏమైందన్న ప్రశ్నను కూడా కథలోకి తెచ్చారు. ఇది పాతదానికన్నా మెరుగని ఏ సంకోచమూ లేకుండా చెబుతాను.

హీ-మ్యాన్ కవల సోదరి కథగా మొదలైన ‘షీ-రా’ విషయంలో మాత్రం నాకు ఓర్పు లేదు. 2018లో కొత్త షీ-రా బొమ్మ బయటికి రాగానే కొందరు పెద్ద మగవాళ్లు ఆమె తగినంత ఆకర్షణీయంగా లేదని ఫిర్యాదు చేశారు. ఆమె టీనేజీ పిల్ల. ఆ ఫిర్యాదు గురించి ఇంతకన్నా మర్యాదగా రాయడం నా వల్ల కాదు. ఐదు సీజన్లు నడిచి 2020లో అది పూర్తయింది.

దూరదర్శన్_తరం:

పాత_క్యాసెట్ గారు అడిగిన పేరు సంగతికి వస్తాను. మన బాల్యానికి ఆ పేర్లు ఎవరు ఇచ్చారు? మాటెల్ సంస్థ హీ-మ్యాన్ బొమ్మలను 1982లో అంగళ్లలో పెట్టింది, కార్టూన్ ఆ మరుసటి ఏడాది వచ్చింది. 1984లో అమెరికా ప్రభుత్వం పిల్లల టీవీ ప్రకటనల మీద ఉన్న పరిమితులు సడలించాక బొమ్మలు అమ్మే కార్టూన్లు వరుస కట్టాయి. మనల్ని కూడా అప్పట్లో అమ్మకం కోసమే పిలిచారు, అయినా మనం వాటిని నిజంగానే ప్రేమించాం. ఈనాటి పిల్లలు కూడా అలాగే ప్రేమిస్తారు.

ఇక పెద్దల కోపం నిజంగా పిల్లల స్థాయి మీదేనా అన్నది 2021లో తేలిపోయింది. ఆ జూలైలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘మాస్టర్స్ ఆఫ్ ది యూనివర్స్: రెవలేషన్’ను పాత కథకు కొనసాగింపుగా, పాత అభిమానుల కోసమే తీశారు. మొదటి ఎపిసోడ్‌లోనే హీ-మ్యాన్‌ను చంపి, కథను టీలా అనే వీరవనిత మీదుగా నడిపారు. గొడవంతా దాని మీదే జరిగింది. సెప్టెంబరులో పిల్లల కోసం వచ్చిన కంప్యూటర్ యానిమేషన్ ‘హీ-మ్యాన్’లో ఆడమ్ (హీ-మ్యాన్‌గా మారే కుర్రాడు) తాను రాజకుమారుడినన్న సంగతే మరచిపోయి అడవి తెగలో పెరుగుతాడు, మార్పులు అందులోనే ఎక్కువ. దాన్ని చాలామంది పట్టించుకోనేలేదు. రెవలేషన్ మీద పెద్దలు మాట్లాడే హక్కును నేను పూర్తిగా ఒప్పుకుంటాను, ఎందుకంటే అది వారికే ఇచ్చిన సరుకు. రోర్ వారికి ఇచ్చింది కాదు.

పాత_క్యాసెట్:

మీరు చెప్పిన ఉదాహరణ నా వాదనకే బలం ఇస్తోంది. 2021లో హీ-మ్యాన్ పేరుతో పెద్దలకు ఒకటి, పిల్లలకు ఒకటి విడివిడిగా ఇచ్చారు కనుకనే పిల్లలదాని జోలికి ఎవరూ పెద్దగా వెళ్లలేదు. థండర్‌క్యాట్స్ అభిమానులకు 2011 కథను మధ్యలో ఆపేసి, ఏడేళ్లు ఏమీ ఇవ్వకుండా ఉండి, ఆ తర్వాత రోర్ ఒక్కటే చేతిలో పెట్టారు. బొమ్మలు గీసినవారిని తిట్టినవాళ్లది తప్పేనని కీఫ్రేమ్_కూలీ గారితో ఏకీభవిస్తాను. కానీ ఆ అసంతృప్తి ఎనిమిదేళ్ల పిల్లల మీద పుట్టింది కాదు, 2012లో సగంలో ఆగిన కథ దగ్గర పుట్టింది.