రిలే ఎంపికకు ఎన్ని బిట్ల ఫీడ్‌బ్యాక్ చాలు?

ప్రశ్న (ఫేడింగ్_బాధితుడు):
ఎంటెక్ ప్రాజెక్టుకి కోఆపరేటివ్ నెట్‌వర్క్ (సిగ్నల్‌ని మధ్యలో ఉన్న రిలే నోడ్లు అందుకుని ముందుకు పంపేది) సిమ్యులేట్ చేస్తున్నానండి. మధ్యలో 6 రిలేలు, డీకోడ్ అండ్ ఫార్వర్డ్ (రిలే డేటాని డీకోడ్ చేసి మళ్లీ పంపుతుంది), సోర్స్ నుంచి డెస్టినేషన్‌కి డైరెక్ట్ లింక్ లేదు, రేటు ఫిక్స్‌డ్. ఒక్కో రిలేకి ఉన్న రెండు హాప్‌లలో (సోర్స్ నుంచి రిలే, రిలే నుంచి డెస్టినేషన్) బలహీనమైనది చూసి, అది ఏ రిలేకి ఎక్కువుంటే దాన్ని ఎంచుకుంటున్నా. అందుకని ప్రతి రిలే ఆ విలువని 8 బిట్లలో పంపాలి, మొత్తం 48. గైడ్ గారు తగ్గించమంటున్నారు, తగ్గిస్తే డైవర్సిటీ (విడివిడి దారులు ఎన్ని ఉంటే అంతగా ఫేడింగ్‌ని తట్టుకునే లాభం) పోతుందేమోనని టెన్షన్.

గోదావరి_సిగ్నల్:
రేటు ఫిక్స్‌డ్ అయితే రిలేకి 1 బిట్ చాలు! అవుటేజ్ హద్దునే (ఆ రేటు డీకోడ్ కావడానికి కావలసిన కనీస ఎస్ఎన్ఆర్, అంటే సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి) త్రెషోల్డ్‌గా పెట్టండి. రెండు హాప్‌లూ దాటితే 1, లేకపోతే 0. 1 అన్న రిలేల్లో ఏదో ఒకటి తీసుకోండి. అన్నిటికంటే మంచి రిలే కూడా హద్దు దాటలేదంటే ఏ రిలే దాటలేదనే కదా, కాబట్టి అవుటేజ్ సరిగ్గా మీ 48 బిట్ల పద్ధతిలో వచ్చినంతే వస్తుంది, డైవర్సిటీ 6 అలాగే ఉంటుంది. తగ్గేది సగటు ఎస్ఎన్ఆర్. రేటు మార్చుకుంటూ పోయే సిస్టమ్ అయితే మాత్రం ఇది సరిపోదు.

యాంటెన్నా_అక్క:
అసలు విలువలు పంపకుండానే ఎంచుకోవచ్చు తమ్ముడూ. 2006లో బ్లెట్సాస్ బృందం ఇచ్చిన పద్ధతి చదువు. ఆర్‌టీఎస్, సీటీఎస్ ("పంపనా", "పంపు" అని సోర్స్, డెస్టినేషన్ ఇచ్చుకునే చిన్న ప్యాకెట్లు) విని ప్రతి రిలే తన రెండు హాప్‌లూ తనే అంచనా వేసుకుంటుంది, ఛానల్ ఎంత బాగుంటే అంత చిన్న టైమర్ పెట్టుకుంటుంది, ముందు ఎవరి టైమర్ అయిపోతే వాళ్లదే ఛాన్స్, మిగతావి ఆగిపోతాయి. రెండు టైమర్లు దగ్గరదగ్గరగా అయిపోతే కొలిజన్ (రెండూ ఒకేసారి పంపి ఢీకొనడం) తప్పదు. టైమర్ స్కేలు పెంచితే కొలిజన్లు తగ్గుతాయి కానీ వెయిటింగ్ పెరుగుతుంది. రిలేలు ఒకదానికొకటి వినపడకపోతే, గెలిచిన రిలే ఏదో డెస్టినేషనే అందరికీ చెప్పాలి.

గోదావరి_సిగ్నల్:
బిట్ల లెక్క కంటే ఆలస్యం (ఛానల్ కొలిచాక డేటా పంపేలోగా పట్టే టైము) లెక్క ముందు చూడండి, చాలామంది థీసిస్‌లలో ఇదే ఉండదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో సెకనుకి 1 మీటరు నడకకి డాప్లర్ (కదలిక వల్ల వచ్చే ఫ్రీక్వెన్సీ మార్పు) 8 హెర్ట్జ్, 3 మిల్లీసెకన్ల పాత ఛానల్‌కీ ఇప్పటిదానికీ కోరిలేషన్ 0.99 పైనే. అదే గంటకి 60 కిలోమీటర్ల బండి అయితే డాప్లర్ 133, ఆ 3 మిల్లీసెకన్లకే కోరిలేషన్ దాదాపు సున్నా! పాత సమాచారంతో ఎంచుకుంటే హై ఎస్ఎన్ఆర్ దగ్గర డైవర్సిటీ 1కి పడిపోతుంది, 48 బిట్లు పంపినా సరే.

ఫేడింగ్_బాధితుడు:
చాలా థాంక్సండి. నా నోడ్లు నడిచే మనుషుల దగ్గరే. 1 బిట్‌తో, ఆలస్యం 3, 10 మిల్లీసెకన్లు పెట్టి రన్ చేస్తా. అక్కా, టైమర్ పద్ధతి కూడా పక్కన పెట్టి పోలుస్తా.

యాంటెన్నా_అక్క:
పోల్చేటప్పుడు టైమర్ వెయిటింగ్‌ని కూడా ఓవర్‌హెడ్‌లో కలుపు, లేకపోతే 1 బిట్‌కి అన్యాయం జరుగుతుంది.